ముఖంపై పెద్ద రంధ్రాలు: ఏ చికిత్స దేనికి పని చేస్తుంది?

ముక్కు మీద, బుగ్గల మీద రంధ్రాలు పెద్దగా కనిపిస్తున్నాయని స్కిన్ క్లినిక్‌కి వెళ్లేవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: ఇవి మూసుకుపోవాలంటే ఏం చెయ్యాలి? ఏం చేసినా అవి మూసుకుపోవు, మూసుకుపోకూడదు కూడా. ప్రతి రంధ్రమూ ఒక వెంట్రుక కుదురుకి, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న నూనె గ్రంథికి పైన ఉండే ద్వారం. ఆ గ్రంథిలో తయారయ్యే జిడ్డు, అంటే సెబమ్, ఆ దారిలోనే పైకొచ్చి చర్మం మీద పరుచుకుంటుంది. దారి పూడిపోతే జిడ్డు లోపలే పేరుకుని మొటిమ అవుతుంది. అందుకని చికిత్స నుంచి ఆశించగలిగింది రంధ్రం చిన్నగా కనిపించడం, అంతవరకే. ఆ మార్పు సాధ్యమే. కొందరిలో అద్దంలో స్పష్టంగా తెలిసేంత వస్తుంది. అయితే ఎవరికి ఏది పని చేస్తుందన్నది, వాళ్ల ముఖం మీది రంధ్రాలు ఎందుకు పెద్దవయ్యాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సంగతి తేల్చుకోకుండా నేరుగా లేజర్ గదిలోకి వెళ్తే డబ్బూ సమయమూ పోవడమే కాక, కొన్నిసార్లు చర్మమూ పాడవుతుంది.

రంధ్రం ఎందుకు పెద్దదవుతుంది

కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రంధ్రాల వ్యాసం సుమారు 0.25 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంత దాటితే జబ్బు అని వైద్యంలో ఎక్కడా గీత గీయలేదు. ఎందుకంటే ఇది జబ్బు కాదు. చర్మం తీరు. అందులో పెద్ద వాటా వంశపారంపర్యానిది.

మిగిలిన కారణాల్లో మొదటిది జిడ్డు. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు, అంటే మగవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్లు, పెరగగానే నూనె గ్రంథులు ఉబ్బుతాయి. గ్రంథి పెద్దదైతే దాని దారీ వెడల్పవుతుంది. మగవాళ్లలో రంధ్రాలు ఎక్కువ స్పష్టంగా కనిపించడానికి కారణం ఇదే. ఆడవాళ్లలో నెలసరి చక్రాన్ని బట్టి జిడ్డు మారుతూ ఉంటుంది. వేడి కూడా ఒక కారణం. చర్మం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే జిడ్డు ఊరడం దాదాపు 10 శాతం పెరుగుతుంది. ఎండాకాలంలో ముఖం జిడ్డోడుతూ, రంధ్రాలు పెద్దవైనట్టు అనిపించడం ఉత్త భ్రమేమీ కాదు.

రెండోది లోపల పేరుకునే మడ్డి. రాలిపోవాల్సిన మృతకణాలు జిడ్డుతో కలిసి రంధ్రం నోట్లో గడ్డకడితే అంచులు ఎడమవుతాయి. ఆ మడ్డికి గాలి తగిలి నల్లబడినదే బ్లాక్‌హెడ్. ఆ నలుపు మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ముక్కు మీద బూడిద రంగులో వరసగా కనిపించే సన్నటి చుక్కల సంగతి వేరు. వాటిని సెబేషియస్ ఫిలమెంట్లు అంటారు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి చర్మంలోనూ ఉంటాయి. గిల్లి తీసినా కొన్ని వారాల్లోనే మళ్లీ నిండుతాయి. వీటిని బ్లాక్‌హెడ్స్ అనుకుని రోజూ గోళ్లతో నొక్కేవాళ్లు రంధ్రం అంచుని తామే దెబ్బతీస్తుంటారు.

మూడోది బిగువు తగ్గడం. దీని గురించి తక్కువ మాట్లాడతారు గానీ, ముప్ఫై ఐదు, నలభై దాటినవాళ్ల బుగ్గల మీద అసలు సమస్య ఎక్కువగా ఇదే. రంధ్రం చుట్టూ కొలాజెన్, ఎలాస్టిన్ పోగులు పట్టి ఉంచినంతకాలం అది గుండ్రంగా, చిన్నగా ఉంటుంది. ఆ పోగులు సడలితే, ఉతికి ఉతికి సాగిపోయిన బనీను మెడలా రంధ్రం కిందికి జారి, కన్నీటి బొట్టు ఆకారంలోకి మారుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు మూడు రంధ్రాలు కలిసిపోయి సన్నటి గీతల్లా కూడా కనిపిస్తాయి. వయసు ఒక కారణమైతే, ఎండ అంతకన్నా పెద్ద కారణం. ఎండలోని యువిఎ కిరణాలు చర్మం లోపలి పొరదాకా వెళ్లి కొలాజెన్‌ని విరగ్గొట్టే ఎంజైములను రెచ్చగొడతాయి.

ఇవి కాక, పాత మొటిమలు మిగిల్చిన గుంటలుంటాయి. చిన్నగా, లోతుగా, సూదితో పొడిచినట్టు ఉండే ఐస్‌పిక్ మచ్చలను చాలామంది రంధ్రాలనుకుంటారు. అవి మచ్చలు. క్రీములకు లొంగవు. ఎక్కువ గాఢత ఉన్న టిసిఎ (ట్రైక్లోరోఎసిటిక్) ఆమ్లాన్ని ఒక్కో గుంటలో చుక్కలా పెట్టే క్రాస్ పద్ధతి, లేదా గుంటను చిన్న పరికరంతో కోసి తీసే పంచ్ ఎక్సిషన్ వాటికి వాడతారు. రంధ్రాలకని చెప్పి నెలల తరబడి ముఖానికి రాసుకున్న సీరమ్ పని చెయ్యలేదంటే, అక్కడున్నది మచ్చ అయ్యుండే అవకాశం గట్టిగా ఉంది.

ఆవిరి, మంచు, స్ట్రిప్పులు

ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయని, చల్లనీళ్లు చల్లితే మూసుకుంటాయని ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. రంధ్రం నోటి దగ్గర దాన్ని బిగించే కండరం ఏదీ లేదు. వెంట్రుకను నిక్కబొడిపించే చిన్న కండరం ఉంటుంది గానీ, అది లోపల కుదురు పక్కకు అతుక్కుని ఉంటుంది, పై ద్వారాన్ని తెరిచే మూసే పని దానిది కాదు. ఆవిరి మడ్డిని మెత్తబరుస్తుంది. మంచు కాసేపు చర్మాన్ని బిగుతుగా అనిపించేలా చేస్తుంది. రెండింటి ప్రభావమూ ఎక్కువసేపు నిలవదు. ముక్కుకి అంటించి లాగే స్ట్రిప్పులు పైపైన ఉన్న మడ్డిని లాగేస్తాయి, గ్రంథి మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గరుకు స్క్రబ్బులు, నిమ్మరసం, సోడా పొడి లాంటివి అసలు దగ్గరికి రానివ్వకూడదు. ఆరోగ్యకరమైన చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. దాన్ని అటూ ఇటూ లాగేస్తే పైపొర దెబ్బతిని, మంట, ఎరుపు, ఆ తర్వాత నల్లమచ్చలు వస్తాయి.

రాసుకునే మందులు: నిదానం, కానీ నమ్మదగ్గవి

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. రంధ్రాల విషయంలో దీర్ఘకాలం ఉపయోగపడేవి ట్యూబుల్లో దొరికే మందులే. వీటిలో రెటినాయిడ్లది మొదటి స్థానం. విటమిన్ ఎ నుంచి వచ్చిన ఈ మందులు మూడు కారణాల్లో రెండింటి మీద పని చేస్తాయి. మృతకణాలు గడ్డకట్టకుండా చూసి రంధ్రం నోరు శుభ్రంగా ఉంచుతాయి, నెలల తరబడి వాడితే లోపల కొత్త కొలాజెన్ తయారయ్యేలా చేస్తాయి. ట్రెటినోయిన్‌కి మొటిమల మందుగా అమెరికాలో 1971లోనే అనుమతి వచ్చింది. అంటే ఇది యాభై ఏళ్లకు పైగా పరీక్షకు నిలిచిన మందు. అడపలీన్ 1996లో వచ్చింది, చర్మాన్ని తక్కువ మండిస్తుంది కాబట్టి మొదలుపెట్టడానికి అనువుగా ఉంటుంది. టాజరోటీన్ వీటికన్నా ఘాటైనది. ఎండకు దెబ్బతిన్న చర్మం మీద 24 వారాలు వాడినప్పుడు, ముడతలతో పాటు రంధ్రాలు కనిపించే తీరు కూడా మెరుగుపడినట్టు పరీక్షల్లో తేలింది.

రెటినాయిడ్ దగ్గర చాలామంది ఓడిపోయేది మొదటి ఆరు వారాల్లో. చర్మం పొట్టు రేగుతుంది, ఎర్రబడుతుంది, లోపల దాగిన మొటిమలు ఒక్కసారిగా బయటపడతాయి. మందు పడలేదనుకుని టెన్షన్‌తో ఆపేస్తారు. నిజానికి తప్పు ఎక్కువగా వాడే తీరులో ఉంటుంది. మొత్తం ముఖానికి కలిపి బఠాణీ గింజంత మందు చాలు. మొదట్లో వారానికి రెండు మూడు రాత్రులు రాసి, చర్మం అలవాటు పడ్డాక పెంచుకోవచ్చు. ముందు మాయిశ్చరైజర్ రాసుకుని దాని మీద మందు రాసినా ఫలితం పెద్దగా తగ్గదు, మంట మాత్రం బాగా తగ్గుతుంది. ఫలితం ఉందో లేదో తేల్చుకోవడానికి కనీసం 12 వారాలు చూడాలి, బిగువు మెరుగుపడాలంటే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు వీటిని వాడకూడదు.

సాలిసిలిక్ యాసిడ్‌కి నూనెలో కరిగే గుణం ఉంది. అందుకే జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగి అక్కడి మడ్డిని వదులు చేస్తుంది. షాపుల్లో దొరికేవాటిలో 0.5 నుంచి 2 శాతం వరకు ఉంటుంది. ఫేస్‌వాష్‌లో ఉన్నది అర నిమిషంలో కడిగేస్తాం కాబట్టి, ముఖం మీద ఉంచేసే రకమైతే ఎక్కువ ఉపయోగం. నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం గాఢతలో కొన్ని వారాల్లో జిడ్డును కొంత తగ్గిస్తుంది, దాదాపు ఎవరికైనా పడుతుంది. 10, 20 శాతం అని సీసా మీద రాసి ఉన్నంత మాత్రాన ఫలితం అన్ని రెట్లు పెరగదు, మంట మాత్రం పెరగొచ్చు.

సన్‌స్క్రీన్ గురించి విడిగా చెప్పాలి. రంధ్రాల చికిత్సల జాబితాలో అది అరుదుగా కనిపిస్తుంది. బుగ్గల మీద రంధ్రాలు సాగిపోకుండా ముందే అడ్డుకోవడంలో దాని పాత్ర పెద్దది. రెటినాయిడ్ వాడుతున్నా, లేజర్ చేయించుకున్నా ఎండ నుంచి కాపాడుకోకపోతే ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో కూల్చినట్టే. జిడ్డు చర్మానికి జెల్ రకాలు, రంధ్రాలను పూడ్చవని రాసి ఉన్న నాన్‌కామెడోజెనిక్ రకాలు బాగుంటాయి.

నోటి మాత్రల గురించి రెండు మాటలు. ఐసోట్రెటినోయిన్ జిడ్డును విపరీతంగా తగ్గిస్తుంది, నూనె గ్రంథుల్నే కుంచించేస్తుంది. అయినా రంధ్రాల కోసమే దాన్ని వాడడం సరికాదు. అది తీవ్రమైన మొటిమల మందు. గర్భస్థ శిశువుకి తీవ్రమైన అవకరాలు తెస్తుంది. రక్తపరీక్షలతో, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సింది. మందు ఆపాక జిడ్డు చాలావరకు తిరిగొస్తుంది కూడా.

క్లినిక్‌లో చేసేవి

కెమికల్ పీల్స్ పైపొరను ఊడదీసి మడ్డిని తీసేస్తాయి. జిడ్డు, బ్లాక్‌హెడ్స్ ఉన్నవాళ్లకు 20 నుంచి 30 శాతం సాలిసిలిక్ పీల్ బాగా నప్పుతుంది. గ్లైకాలిక్ పీల్ కూడా వాడతారు. కొన్ని వారాలకొకటి చొప్పున కొన్ని సిట్టింగ్‌లు పడతాయి. నీటితో, వ్యాక్యూమ్‌తో చేసే ఫేషియల్ యంత్రాలు, చర్మం పైపొరను సన్నగా అరగదీసే మైక్రోడెర్మాబ్రేజన్ ఇచ్చే మెరుపు వారం పది రోజులది. పెళ్లికో ఫంక్షన్‌కో ముందు చేయించుకుంటే తప్పులేదు గానీ, వాటిని చికిత్స అనడం అతిశయోక్తి.

కార్బన్ లేజర్‌కి ఈమధ్య బాగా పేరొచ్చింది. ముఖానికి నల్లటి కార్బన్ ద్రవం రాసి, 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డియాగ్ లేజర్‌ను దాని మీద ప్రయోగిస్తారు. కార్బన్ ఆ శక్తిని పీల్చుకుని పేలిపోతూ పైపైన ఉన్న మడ్డిని, మృతకణాలను తీసుకుపోతుంది. కొద్దిపాటి వేడి లోపలికీ చేరుతుంది. నొప్పి తక్కువ, మర్నాడే ఆఫీసుకు వెళ్లొచ్చు. రంధ్రాలు శుభ్రమై చిన్నగా కనిపిస్తాయి. ఆ ఫలితం నిలిచేది కొద్ది వారాలే. జిడ్డు వల్ల సమస్య ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది, సాగిపోయిన రంధ్రాల మీద దీని ప్రభావం చాలా తక్కువ.

సాగిపోయినవాటికి లోపలి పొరను కదిలించే చికిత్స కావాలి. 2004లో పరిచయమైన ఫ్రాక్షనల్ లేజర్ పద్ధతి ఇందులో పెద్ద మలుపు. అంతకుముందు లేజర్లు చర్మాన్ని మొత్తంగా కాల్చేవి. ఇది కంటికి ఆనని సన్నటి నిలువు గాయాలను విడివిడిగా చేసి, వాటి మధ్య చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. ఆ మధ్యభాగం నుంచే గాయం త్వరగా మానుతుంది, మానే క్రమంలో కొత్త కొలాజెన్ పుడుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. పైపొరను తొలగించకుండా లోపల వేడి పుట్టించేవి, ఉదాహరణకు 1550 నానోమీటర్ల ఎర్బియం గ్లాస్. పైపొరతో సహా ఆవిరి చేసేవి, 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్, 2,940 నానోమీటర్ల ఎర్బియం యాగ్. మొదటి రకంలో కోలుకోవడానికి మూడు నాలుగు రోజులు, రెండో రకంలో వారం లేదా ఆపైన పడుతుంది. రెండో రకంలో ఫలితం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. మామూలుగా నెలకొకటి చొప్పున మూడు నుంచి ఐదు సిట్టింగ్‌లు చెబుతారు. ఆఖరి సిట్టింగ్ తర్వాత మూడు నుంచి ఆరు నెలల వరకు మార్పు వస్తూనే ఉంటుంది. అందుకే రెండో సిట్టింగ్‌కే ఏమీ తేడా రాలేదని నిరాశపడక్కర్లేదు.

మైక్రోనీడ్లింగ్‌లో ఇదే పని సన్నటి సూదులు చేస్తాయి. వాటికి రేడియోఫ్రీక్వెన్సీ, అంటే రేడియో తరంగాల శక్తి, జోడిస్తే సూది కొన దగ్గర, లోపలి పొరలో వేడి పుడుతుంది. ఈ వేడికి చర్మం రంగుతో సంబంధం లేదు. సూది పై భాగానికి తొడుగు ఉన్న రకాల్లో పైపొర కాలదు కాబట్టి, ముదురు రంగు చర్మానికి లేజర్ కన్నా ఇది నయమని చాలామంది చర్మవైద్యులు భావిస్తారు. ఆ మాటలో నిజముంది. ప్రమాదమే లేదనుకోవడం మాత్రం తప్పు. కాలిన గాయాలు, మచ్చలు, బుగ్గల్లోని కొవ్వు కరిగి ముఖం పీక్కుపోవడం, నరాలు దెబ్బతినడం లాంటి ఫిర్యాదులు రావడంతో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డిఎ 2025లో ఈ పరికరాల మీద హెచ్చరిక జారీ చేసింది. సూది ఎంత లోతుకి దిగాలి, ఎంత శక్తి పెట్టాలి అన్నది ముఖంలో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పరికరం ఎంత ఖరీదైనదో అన్నదానికన్నా అది ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. ఇంట్లో వాడుకునే డెర్మా రోలర్లతో ఇదే ఫలితం వస్తుందనుకోవడం ఇన్‌ఫెక్షన్‌కి దారి తీస్తుంది.

బొటాక్స్‌ని బాగా పలచన చేసి, చర్మం పొరలోకే చిన్న చిన్న చుక్కలుగా ఎక్కించే మైక్రోబొటాక్స్ పద్ధతి మరొకటి. నరాల నుంచి నూనె గ్రంథులకు అందే అసిటైల్‌కోలిన్ అనే రసాయన సంకేతాన్ని ఇది తగ్గిస్తుంది, దాంతో జిడ్డు తగ్గుతుంది. ప్రభావం మూడు నాలుగు నెలలుంటుంది. మందు కాస్త లోతుకి దిగి బుగ్గ కండరాన్ని తాకితే నవ్వు వంకరపోతుంది. ఆ మందు ప్రభావం తగ్గేదాకా దాన్ని సరిచేయలేరు. జిడ్డు విపరీతంగా ఉండి, మిగతావి పని చేయనివాళ్లకు దీన్ని ఆలోచించవచ్చు. నూనె గ్రంథుల్నే లక్ష్యం చేసుకునే 1726 నానోమీటర్ల లేజర్లకు 2022లో మొటిమల చికిత్స కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ అనుమతి రంధ్రాలకు ఇచ్చింది కాదన్న సంగతి, ప్రకటనలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి.

గోధుమ రంగు, నల్లటి చర్మానికి

రంధ్రాల కోసం వెళ్లి నల్లమచ్చలతో తిరిగి రావడం ఈ చికిత్సల్లో అన్నిటికన్నా బాధ కలిగించే ఫలితం. మెలనిన్ ఎక్కువ ఉన్న చర్మం ఏ చిన్న గాయానికైనా, వేడికైనా, మంటకైనా రంగు చిమ్మి స్పందిస్తుంది. గాయం మానాక కూడా ఆ మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది, ఒక్కోసారి ఏడాది దాటినా పోదు. రంధ్రాలు అడుగు దూరంలో ఉన్నవాళ్లకే కనిపిస్తాయి. ఈ మచ్చలు గది అవతలి నుంచి కూడా కనిపిస్తాయి. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్ని బట్టి ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం మనుషుల్ని ఆరు రకాలుగా విభజించింది. అందులో నాలుగు, ఐదు, ఆరు రకాలవాళ్లకు, అంటే ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకు, ఈ భయం ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను ఎక్కువ శక్తితో వాడడం, లోతైన పీల్స్ చెయ్యడం వీళ్ల విషయంలో సమర్థించడం కష్టం. తక్కువ శక్తి, ఎక్కువ సిట్టింగ్‌లు, వాటి మధ్య ఎక్కువ విరామం అన్నది క్షేమకరమైన దారి. మొదట చెవి ముందు చిన్న చోట ప్రయత్నించి, కొన్ని వారాలు ఆగి చూడడం ఇంకా మంచిది. మంగు మచ్చలు ఉన్నవాళ్లు వేడి పుట్టించే ఏ చికిత్సకైనా ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. అవి వేడికి ముదురుతాయి.

ఫొటోలు, ఆధారాలు

ఈ రంగంలో పరిశోధనలు చాలావరకు చిన్నవి. పది, ఇరవై మంది మీద కొన్ని నెలలు చేసినవి ఎక్కువ. రంధ్రాలను కొలిచే పద్ధతి కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఒక లేజర్‌ని ఇంకో లేజర్‌తో పోల్చి ఇదే మేలని చెప్పడం దాదాపు కుదరదు. అలా ఖాయంగా చెప్పేవాళ్ల మాట కన్నా, ఎంత శాతం మెరుగు ఆశించవచ్చో జాగ్రత్తగా చెప్పే డాక్టరు మాట నమ్మదగ్గది. ముందు, తర్వాత ఫొటోలు చూసేటప్పుడు వెలుతురు ఎటునుంచి పడుతోందో గమనించాలి. పక్కనుంచి పడే వెలుతురులో ప్రతి రంధ్రానికీ నీడ వస్తుంది, ఎదురుగా పడితే అదే ముఖం నున్నగా కనిపిస్తుంది. మేకప్, జిడ్డు, చికిత్స తర్వాత రెండు మూడు రోజులుండే వాపు కూడా రంధ్రాల్ని దాచేస్తాయి. చికిత్స మర్నాడు తీసిన ఫొటోకి అందుకే విలువ లేదు. ఇంట్లో ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయానికి, ముఖం కడుక్కున్న తర్వాత నెలకొక ఫొటో తీసుకుంటే క్లినిక్ ఆల్బమ్ కన్నా అది ఎక్కువ నిజం చెబుతుంది. భూతద్దం లాంటి అద్దాల్లో చూసుకుంటే ఏ చర్మమూ బాగున్నట్టు కనిపించదు. ఎదుటి మనిషి ఆ దూరం నుంచి చూడడు.

డబ్బు పరిమితంగా ఉన్నవాళ్లు మొదట ఆరు నెలలు సన్‌స్క్రీన్, రాత్రి రెటినాయిడ్, అవసరమైతే సాలిసిలిక్ యాసిడ్ వాడి, తర్వాతే యంత్రాల గురించి ఆలోచించడం మంచిది. ఆ ఆరు నెలల్లో జిడ్డు, మడ్డి వాటా ఎంతో తేలిపోతుంది, మిగిలింది బిగువు సమస్యో మచ్చో డాక్టరుకూ తెలుస్తుంది. లేజర్ దాకా వెళ్లినా ఈ మందుల్ని మానకూడదు. చికిత్సకు ముందు, తర్వాత కొద్ది రోజులు మాత్రం డాక్టరు చెప్పినట్టు రెటినాయిడ్ ఆపాలి. మొత్తంగా మానేస్తే గ్రంథులు మళ్లీ పాత దారికే వస్తాయి.

ఒక విషయంలో మాత్రం సౌందర్యం సంగతి పక్కనపెట్టి వెంటనే చర్మవైద్యుణ్ని కలవాలి. ముఖమంతా కాకుండా ఒకే ఒక్క రంధ్రం విడిగా బాగా పెద్దదై, నల్లటి మడ్డితో నిండి ఉండడం పెద్ద వయసువాళ్లలో కనిపిస్తుంది. అది చాలావరకు వైనర్ పేరుతో పిలిచే డైలేటెడ్ పోర్, హాని లేనిది. కావాలనుకుంటే చిన్న కోతతో తీసేస్తారు. ఆ చోటు క్రమంగా పెరుగుతున్నా, అంచులు ముత్యంలా మెరుస్తున్నా, రక్తం కారుతున్నా, పుండు పడి మానకపోయినా అది చర్మ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. ఆ చోట పీల్ గానీ లేజర్ గానీ చేయించుకునే ముందే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి.